అడిగి తెచ్చుకున్న నోము

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా దీపావళి సెలవులకు ఇంటికి వస్తూ నేనొక ఇత్తడి కప్పు తెచ్చాను. మహబూబ్‌నగర్‌లో మా కాలేజీ చర్చాపోటీలో గెలిచినది. ‘పండుగలూ పూజలూ సమాజ ప్రగతికి ఆటంకాలు’ అన్న తీర్మానాన్ని సమర్థిస్తూ పన్నెండు నిమిషాలు మాట్లాడి సంపాదించుకున్నాను. కల్వకుర్తిలో బస్సు మారి, మిగిలిన దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ఇంటికి చేరగానే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చింతపండుతో తళతళలాడేలా తోమి, అందులో కుంకుమ పోసి దేవుని గూట్లో పెట్టింది.

“మంచిగుంది బిడ్డా. కుంకుమకు సరైన గిన్నె లేకుండె” అన్నది.

తీర్మానం ఏమిటో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

అవి అరవైల తొలి ఏళ్ళు. మాది నేతపని చేసుకునే ఇల్లు. నాయిన, ఆయన అన్న, అంటే మా పెద్దనాయిన, ఒకప్పుడు ఒకే కప్పు కింద రెండు మగ్గాల మీద నేసేవారు. ఏడేళ్ళ క్రితం వేరుపడ్డారు. ఇల్లు నడుమ గోడ లేచింది, సామాను పంచుకున్నారు. పంచడానికి వీలుకానిది ఒక్కటే మిగిలింది, దీపావళి నోము. అమావాస్య సాయంత్రం లక్ష్మినీ గౌరినీ నిలిపి, ఇరవై ఒక్క పోగుల దారానికి ఇరవై ఒక్క ముడులు వేసి పసుపులో ముంచి పూజించి, ఆ దారాన్ని చేతికి కట్టుకుంటారు. ఇరవై ఒక్క అరిసెలు నైవేద్యం పెడతారు. ఇంట్లో సిరి నిలవాలని చేసే పూజ. ఆ నోము ఆచారం ప్రకారం పెద్దవాడి ఇంట్లో ఉండిపోయింది. అప్పటినుంచి మా వాకిట్లో దీపాలు వెలిగేవి గాని నోము లేదు.

నోము లేకపోవడం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ సెలవుల్లోనే. అంతకు కొన్ని నెలల ముందు మా కులపు వాళ్ళ ఇంట్లో పెళ్ళి జరిగింది. అక్కడ నోము ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళకు మాత్రమే ప్రసాదం పంచారట. వరుసలో కూర్చున్న అమ్మ కూడా చెయ్యి చాపింది. పంచుతున్న ముసలామె ఒక్క క్షణం ఆగి, “నీకు నోము లేదు గద పిల్లా” అని పక్కామె చేతిలో పెట్టి ముందుకు సాగింది. ఆమె కటువుగా ఏమీ అనలేదు. చాపిన చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో అమ్మకు తెలియలేదు. ఈ సంగతి అమ్మ నాకు బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది. చెప్పి, “ఈ ఏడన్న నోము తెచ్చుకోవాలె” అన్నది.

నాకు పరిష్కారం అరచేతిలో ఉన్నట్టే తోచింది.

“ఒక్క దారమే గద అమ్మా! మన మగ్గం కాడ పోగులు లేవా? ఇరవై ఒక్కటి నేనే పేనుత, ముడులు గూడ నేనే వేస్త. కట్టుకో.”

“గట్ల కట్టుకుంటే గది దారమే అయితది. నోము గాదు.”

“తేడా ఏంది?”

“ఉన్నోళ్ళ ఇంటికెల్లి రావాలె. వాళ్ళు ఇయ్యాలె.”

“ఎందుకియ్యాలె? హేతువు చెప్పు.”

“హేతువో గీతువో నాకు తెల్వది. లక్ష్మిని నాకు నేను పుట్టించుకుంటనా? అడుగాలె, పంపుమనాలె.”

అడగవలసింది పెద్దనాయినను. అడగవలసినవాడు నాయిన. వాళ్ళిద్దరికీ ఏడేళ్ళుగా మాటలు లేవు. కారణం స్నానాల గోడ. మా రెండిళ్ళ ముందు పొడవాటి సందు ఉంది. వేరుపడ్డప్పుడు దాని చివరి ముక్క మా వంతుకు వచ్చింది. నాయిన అక్కడ రెండు బారల మేర రాతి గోడ కట్టి, కాగు పెట్టి, నీళ్ళు పోసుకునే చోటు చేశాడు. నాటినుంచి పెద్దనాయిన మా గడప తొక్కలేదు. మా నాయిన ఆయన గడప తొక్కలేదు.

వాదం విని న్యాయం ఒప్పుకోని మనిషి ఉంటాడని నేను ఆ వయసులో నమ్మేవాణ్ణి కాదు. నోము మీద నాకు విశ్వాసం లేదు. కాని ఒక గోడ కోసం అమ్మ చెయ్యి గాలిలో ఉండిపోవడం అన్యాయమనిపించింది. “నేను పోయి మాట్లాడుత” అన్నాను. “మీ నాయిన పోవాలె గని, నువ్వు పోతే ముందుగాల...” అని అమ్మ ఏదో చెప్పబోయేలోగా నేను మూల నిలబెట్టిన గజంకట్టె తీసుకుని సందులోకి వెళ్ళాను. గోడను కొలిచాను. సందును కొలిచాను. పంపకాల కాగితంలో రాసిన కొలతలతో సరిచూసుకున్నాను. ఆ మర్నాడు పొద్దున పెద్దనాయిన ఇంట్లో అడుగుపెట్టాను.

ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. పెద్దమ్మ పక్కనే కండెలకు నూలు చుడుతున్నది. నన్ను చూసి ఇద్దరూ చేతులు ఆపారు. మొదటి మాటకే నా నోట ‘అధ్యక్షా’ అని రాబోయి ఆగింది. గొంతు సవరించుకుని మూడు అంశాలుగా మాట్లాడాను. గోడ ఉన్న స్థలం కాగితం ప్రకారం మాదేనన్నది మొదటిది. గోడ ఒక్క జానెడు కూడా హద్దు దాటలేదన్నది రెండోది. కాబట్టి ఆగ్రహానికి ఆధారం లేదని, ఆధారం లేని ఆగ్రహం కోసం నోమును ఆపడం ధర్మం కాదన్నది మూడోది. కొలతలు అంకెలతో సహా చెప్పాను. మధ్యలో పెద్దమ్మ, “అగో, మన ఇంటికి బారిష్టరు సాబు వచ్చిండు. కూసుండమను, కుర్చీ లేదాయె” అన్నది. నేను ఆగలేదు.

పెద్దనాయిన చివరిదాకా విన్నాడు.

“అయిపోయిందా?”

“అయింది.”

“నేనేమన్న కాదంటనా? జాగా మీదే. గోడ మీదే. గెలిచినవ్ బిడ్డా.” పోగును అటూ ఇటూ నడిపే నాడెను చేతిలోకి తీసుకున్నాడు. “గెలిచినోనికి నా దారం ఎందుకు?”

మగ్గం మళ్ళీ ఆడసాగింది. ఎదుటి పక్షం అన్నీ ఒప్పుకున్న తరువాత కూడా ఓడిపోయి ఇంటికి రావడం నాకు అదే మొదటిసారి.

“ఏమన్నడు?” అమ్మ వాకిట్లోనే ఆపింది.

“ఒప్పుకున్నడు.”

“దారం?”

“ఇయ్యలే.”

అమ్మ నా చేతులు చూసింది. “పళ్ళెం తీస్కపోయినవా?”

“ఏం పళ్ళెం?”

అప్పుడు తెలిసింది. నోము అడగబోయేవాళ్ళు పళ్ళెంలో ఒక చిలప నూలు, ఒక బెల్లం ముక్క పెట్టుకుని వెళ్ళాలి. ఆ నూలుతోనే వాళ్ళు దారం పేని పంపుతారు. నిన్న అమ్మ చెప్పబోయింది అదే.

“ఉత్త చేతులతోని పోయి నోము అడిగినవా? వారీ! నోరు తీస్కపోయినవ్ గని పళ్ళెం తీస్కపోలే” అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ మాటకు తనే నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. పండుగ ఇక నాలుగు రోజులే ఉంది.

మరుసటి తెల్లవారుజామున గోడ అవతలినుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. “మీ బారిష్టరు లేచిండా? పడుగు పట్టెటోనికి జ్వరమొచ్చింది. పొడుగున్నడు గద, ఒక కొన పట్టుకుంటడు. పంపు.”

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే చీరల నిలువు పోగుల మొత్తాన్ని, బారుగా సాగదీసి కట్టి గంజి పెట్టి కుంచెతో దువ్వుతారు. గంజి ఆరేదాకా పోగులు విడివిడిగా నిలవాలి. మా నాయిన చిన్న పడుగు పోసుకుని సందులోనే కానిచ్చేవాడు. పెద్దనాయిన ఎక్కడ చేస్తాడో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆయన పడుగు చుట్టను భుజాన వేసుకుని ఊరి బయటి మిట్టకు నడిచాడు. నేను కర్రలు మోస్తూ వెనుక నడిచాను.

మిట్ట మీద గాలి ఆగకుండా వీస్తున్నది. నేను ఒక కొన పట్టుకున్నాను. ఆయన గంజి పూసి దువ్వుతూ వచ్చేలోగా గాలి వైపు పోగులు ఆరిపోయి బిగుసుకుంటున్నాయి, అటు పక్కవి ఇంకా తడిగా వేలాడుతున్నాయి. నేను బిగించి లాగాను. పటపటమని పోగులు తెగాయి.

“గది మీ కాలేజి బెంచి గాదు కొడుకా. మెల్లగ. పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టు.”

తెగిన పోగులను ఒక్కొక్కటీ వెతికి ముడివేస్తూ ఆయన వచ్చాడు. ఆ ముడులు ఎంత చిన్నవంటే, వేసిన తరువాత ఎక్కడ వేశాడో నాకు కనిపించలేదు. పొద్దు నెత్తికెక్కేదాకా ఆ పని సాగింది.

“గల్లీల ఎందుకు చాపవు పెద్దనాయినా? తగ్గింది రెండు బారలే గద. పడుగు చిన్నగ పోసుకోరాదా?”

“చిన్నగ పోస్తే ఒక చీర పోతది. పాత పడుగుకు కొత్త పడుగు అతికే పని మాత్రం గంతే ఉంటది, తక్కువ చీరలకు ఎక్కువసార్లు అతుకాలె. గల్లీల అయితే రెండు దిక్కుల ఇండ్లు, నీడ. గాలి రాదు. మా అయ్య గా గల్లిని చూసే ఈ జాగల ఇల్లు కట్టిండు.”

“నిన్న నేను వచ్చి మాట్లాడినప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలే?”

“జాగా ఎవలదని వచ్చినవ్. గది మీదే అన్న. పడుగు ఏడ చాపుతున్నవ్ పెద్దనాయినా అని నువ్వు అడుగలే.”

నేను కొన పట్టుకుని నిలబడ్డాను. చర్చలో ఎదుటివాడిని ఏ ప్రశ్న అడిగితే చిక్కుకుంటాడో మాకు నేర్పారు. ఏ ప్రశ్న అడిగితే నాకు తెలియనిది తెలుస్తుందో నేను నేర్చుకోలేదు. గజంకట్టెతో గోడను కొలిచాను గాని, ఆ పడుగును కొలవాలని తట్టలేదు.

మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నేరుగా నాయిన మగ్గం ముందు కూర్చున్నాను. గంజి మరకలతో ఉన్న నా చొక్కాను ఆయన చూశాడు.

“నాయినా, గోడ మనదే. నేను కొలిచిన. కాని గా గోడ అడ్డముండబట్టి పెద్దనాయిన ఏడేండ్ల సంది పడుగు మిట్ట మీదికి మోస్తున్నడు. అక్కడ గాలికి పోగులు తెగుతున్నయి.”

“నాకు తెల్వదా?”

నేను తెల్లబోయాను. “తెలిసీ ఉంచినవా?”

“‘తమ్మీ, గోడ తియ్యరా’ అని ఆయన అంటే ఒక్క గడియల తీస్తుంటి. అనలే. ఆయన అనలే, నేను తియ్యలే.” కాసేపు నేసి, మళ్ళీ ఆపి, “ఆయనకు గూడ నోరున్నది గద” అన్నాడు, చిన్నపిల్లవాడు మూతి ముడిచినట్టు.

“ఆయనకు నోరుంటే నీకు పళ్ళెం లేదా? నువ్వూ అడుగలే గద” అన్నది అమ్మ, వంటింట్లోంచి. నాయిన మళ్ళీ నేత అందుకున్నాడు. నేను నా జీవితంలో మొదటిసారి మూడో అంశం చెప్పకుండా లేచి వచ్చాను.

నరక చతుర్దశికి ముందురోజు సాయంత్రం సందులో గడ్డపార చప్పుడు వినిపించింది. అమ్మ పిండి చేతులతో బయటికి పరుగెత్తింది. నాయిన గోడ అడుగు రాళ్ళను పెకిలిస్తున్నాడు.

“తెల్లారితే తలంట్లు! ఏడేండ్లు లేని తొందర ఇయ్యాలనే పుట్టిందా? రేపు ఏడ పోసుకుంటరు నీళ్ళు?”

“రాత్రి నువ్వే గోడ తియ్యాలంటివి గద.”

“తియ్యమన్న. పండుగ పొద్దు తియ్యమన్ననా?”

పక్కింటి తలుపు తెరుచుకుంది. పెద్దనాయిన గడపలో నిలబడి చూశాడు. గోడ పైభాగం ఊగుతున్నది. ఆయనకు ఓపిక పట్టడం సాధ్యం కాలేదు.

“గట్ల గాదురా! కిందికెల్లి పెకిలిస్తే మీద పడ్తది. మీదికెల్లి తియ్యి. నీకు గోడ కట్టుడు రాదు, కూలగొట్టుడు రాదు.”

ఏడేళ్ళ తరువాత అన్న తమ్ముడితో అన్న మొదటి మాట అది. నాయిన గడ్డపార ఆపి, “చేసి చూపియ్యరాదు మరి” అన్నాడు. పెద్దనాయిన పంచె ఎగగట్టి దిగాడు. పొద్దు మునిగేసరికి సందు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఖాళీగా కనిపించింది. రాళ్ళన్నీ మా అరుగు పక్కన కుప్పపోసి ఉన్నాయి.

మర్నాడు తెలవారకముందే తలంట్లు. అమ్మను పెద్దమ్మ తన ఇంటికి తీసుకుపోయింది. “మొగోళ్ళు బజార్ల పోసుకోని, మనకేంది” అన్నది. నాయినా నేనూ ఒకరికొకరు గొంగడి అడ్డం పట్టుకుని, కూలిన గోడ చోటనే, చలికి వణుకుతూ నీళ్ళు పోసుకున్నాం. నాయిన వంతు వచ్చినప్పుడు గాలికి గొంగడి ఎగిరింది. సందు మొదట్లో నీళ్ళకు వెళ్తున్న ఒకామె “అయ్యో!” అని బిందెను మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట అమావాస్య నాటికి నాలుగిళ్ళు తిరిగింది.

తడి తల తుడుచుకోకముందే అమ్మ పళ్ళెం తెచ్చి నాయిన చేతిలో పెట్టింది. నూలు చిలప, బెల్లం ముక్క. మా గడపకూ పెద్దనాయిన గడపకూ నడుమ పది అడుగులు ఉండవు. నాయిన దానికి అంగీ మార్చుకున్నాడు.

పెద్దనాయిన చాపమీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. నాయిన ఎందుకు వచ్చాడో అందరికీ తెలుసు. అయినా వచ్చినవాడు నోటితో అడగాలి.

“ఏం పనికొస్తివి తమ్మీ?”

నాయిన పళ్ళెం వైపు చూశాడు. “ఇగ పడుగు గల్లీల చాపుకో అన్నా.”

“గది నేను అడుగలే. నువ్వేం అడుగొచ్చినవో గది చెప్పు.”

నాయిన పళ్ళెం ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. నా పన్నెండు నిమిషాల ఉపన్యాసంలో ఒక్క నిమిషం ఆయనకు ఇవ్వగలిగితే బాగుండుననిపించింది. వెనకాల అమ్మ కొంగు కొనను ముడుస్తూ విప్పుతూ నిలబడింది.

“మా ఇంట్ల నోము లేదన్నా” అన్నాడు చివరికి. “పంపు.”

పెద్దనాయిన వెంటనే రెండు చేతులూ చాచి పళ్ళెం అందుకున్నాడు. పెద్దమ్మ, “గీ రెండు మాటలకు ఏడేండ్లా? నిలబడి నిలబడి నా కాళ్ళు మొద్దుబారె” అన్నది. అమ్మ గట్టిగా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

అమావాస్య సాయంత్రం మా ఇల్లు ఎర్రమన్నుతో అలికి, ముగ్గులతో, బంతిపూలతో వెలిగింది. పూలు గుచ్చింది నేనే. పొద్దున అమ్మతో నిజాయితీగా చెప్పేశాను. “పని ఎంతైన చేస్త, కాని నేను నమ్మనిదానికి మొక్కను.” ఆమె బుట్ట నా ముందుకు తోసి, “మొక్కకు. పూలు గుచ్చు. గా సన్నయి నడుమ పెట్టు” అన్నది. నా సిద్ధాంతం అంత సులభంగా అంగీకారం పొందుతుందని నేను అనుకోలేదు.

కొత్త మట్టి గురుగులో బియ్యం పోసి, పసుపు గౌరమ్మను చేసి, లక్ష్మి పటం ముందు నిలిపారు. నాయిన నాడెను కడిగి తెచ్చి పక్కన పెట్టాడు. దీపాలు ముట్టించే వేళకు పెద్దనాయిన వచ్చాడు. కుడి అరచేతిలో తమలపాకు, దానిమీద మా నూలుతోనే పేనిన పసుపు దారాలు. వెనుక పెద్దమ్మ అరిసెల గంపతో వచ్చింది. నోము ఇచ్చే ఇంటి ఆడమనిషే కథ చెప్పాలి. పెద్దమ్మ కూర్చుని అందుకుంది. నోము దారాన్ని లక్ష్యపెట్టక పాదు మీద పారేసి, ఉన్నదంతా పోగొట్టుకున్న ఒక ఇల్లాలి కథ అది. సగం దూరం బాగానే నడిచింది. ఆ ఇల్లాలు అడవిలో దారితప్పే చోట పెద్దమ్మ ఆగిపోయింది.

“ముందుగాల ముసలమ్మ ఎదురైతదా, ఆవు ఎదురైతదా?”

పెద్దనాయిన తెలియదన్నట్టు తల ఊపాడు.

“ఆవు” అన్నది అమ్మ. తల వంచుకునే, గొంతు పెంచకుండా, అక్కడినుంచి కథ ఎత్తుకుంది. ఆవు ఏమన్నదో, ముసలమ్మ ఏ నీళ్ళు తాగించిందో, పాదు కింద దారం ఎలా దొరికిందో, ఒక్క మాట తడబడకుండా చివరికి చేర్చింది. పెద్దమ్మ నోరు తెరుచుకుని చూసింది.

“వారీ! వేరుపడ్డకాడికెల్లి నువ్వు గీ కథ ఇనలే గద. నీకెట్ల యాదికున్నది పిల్లా?”

“నువ్వు ప్రతి ఏడు చెప్తుంటివి గదక్కా” అన్నది అమ్మ. “నేను గీ గోడకు ఆనుకొని కూసుంటుంటి.”

నేను నడిమి గోడవైపు చూశాను. గూటి కింద, కూర్చున్న మనిషి వీపు ఎత్తున, సున్నం ఒకచోట కాస్త నునుపుగా ఉంది. పెద్దనాయిన దగ్గి, “తే, చెయ్యి తే” అన్నాడు. మరదలి చేతికి బావ కట్టరాదని గుర్తొచ్చి దారాన్ని పెద్దమ్మకు అందించాడు. పెద్దమ్మ ముడి వేసింది. ఒకటి చాలదన్నట్టు ఇంకొకటి వేసింది.

హారతి అయింది. నాయినా పెద్దనాయినా అరుగుమీద కూర్చుని, రాళ్ళ కుప్పను ఎక్కడికి జరిపి కొత్త స్నానాల గోడ ఎటువైపు కట్టాలన్నదాని మీద అప్పటికే గొంతులు పెంచుకుంటున్నారు. ఉపవాసమున్న నోము ఇల్లాలే ముందు తినాలి కాబట్టి, ఏ పండుగకైనా అందరి తరువాత తినే అమ్మ ఆ సాయంత్రం అందరికన్నా ముందు తిన్నది. చెయ్యి చాపింది. పెద్దమ్మ అరిసె పెట్టింది. పీట వేసేదాకా కూడా ఆగకుండా, వంటింటి గడపలో నిలబడే, పసుపు దారం కట్టిన చేత్తో విరుచుకుని తింటుంటే నువ్వులు చీరమీద రాలుతున్నాయి.

“మెల్లగ తిను పిల్లా” అన్నది పెద్దమ్మ. “ఇంక ఇరవై ఉన్నయి.”